వందసార్లు కడిగిన నెయ్యి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఆ రోజుల్లో అంటే ఎడ్లబండ్ల కాలమేమీ కాదు, ఇంటింటా ఫోన్లు, ఫోన్ల నిండా వీడియోలు ఉన్న కాలమే. గట్టిగా లెక్కేస్తే పదేళ్లు కూడా కాలేదు. కాకపోతే నేను అప్పుడే నరసరావుపేటలో బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి, మార్కుల జాబితాను ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని గురజాలలో మా ఇంటికి వచ్చి పడ్డాను. డిగ్రీ అయిన మొదటి ఏడాది మనిషికి ఉన్నంత జ్ఞానం మళ్లీ జన్మలో ఉండదని, జూనియర్ కాలేజీలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే ఈ వయసులో నాకు బాగా అర్థమైంది. అప్పట్లో ఇంట్లో కందిపప్పు ఉడక్కపోతే పీడనం గురించి చెప్పేదాన్ని. అమ్మ వినేది కాదు, కుక్కరు మూత తీసి మళ్లీ బిగించేది. మా అన్న దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సాయంత్రం బూడిద కొట్టుకున్న జుట్టుతో ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే "మేడంగారు ఇయ్యాళ ఏం కనిపెట్టారు?" అని అడిగేవాడు. బీఈడీ చేయమని నాన్న, ఏదో ఒకటి చేయమని అమ్మ, ఏమీ చేయకపోయినా ఫర్వాలేదు కాస్త నోరు మూసుకోమని అన్న. నేను మాత్రం వ్యాపారం చేస్తానని ప్రకటించాను. ఏ వ్యాపారమో ఇంకా తెలియదు. (తెలియని విషయం లేదన్నాను గదా, ఇదొక్కటి మినహాయించుకోవాలి.)

ఆ వ్యాపారం చివరికి మా వదిన చేతుల్లో దొరికింది. వదినది మాచర్ల అవతల ఒక చిన్న పల్లె. మా ఇంటికి కోడలుగా వచ్చి అప్పటికి రెండేళ్లు. మాట తక్కువ మనిషి, ఇంటర్‌తో చదువు ఆపేసింది. ఆ చలికాలం నా మడమలు పగిలి నడవలేక కుంటుతుంటే, తన పెట్టెలోంచి చిన్న సీసా తీసి, అందులోని తెల్లటి ముద్దను నా కాళ్లకు రాసింది. వెన్న కాదు, పెరుగు మీగడ కాదు, వేలికి తగిలీ తగలనట్టు చల్లగా ఉంది. మూడు రోజుల్లో పగుళ్లు మూసుకుపోయాయి. "ఏంది వదినా ఇది?" అని అడిగితే "కడిగిన నెయ్యి" అంది. నెయ్యిని కడగడమేమిటని నేను నవ్వాను. వదిన నవ్వలేదు. రాగిపళ్లెం ముందుకు లాక్కుని, అందులో పేరిన నెయ్యి వేసి, చల్లటి నీళ్లు పోసి, రాగిచెంబు అడుగుతో గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టింది. కాసేపయ్యాక ఆ నీళ్లు వంచేసి మళ్లీ కొత్త నీళ్లు. అలా వందసార్లు. ఒక్కో కడుగుకు ఒక్కో చింతపిక్క ఎడమపక్క నుంచి కుడిపక్కకు జరిపేది. యాభై దాటేసరికి నెయ్యి పసుపు వదిలి తెల్లబడింది. వంద పూర్తయ్యేసరికి నెయ్యి వాసన కూడా పోయి మెత్తటి నురగలాంటి ముద్ద మిగిలింది. వాళ్లమ్మ బాలింతలకు, కాలిన పుండ్లకు, ఎండలో మిరపకోతలకు పోయి చేతులు మండేవాళ్లకు ఇది చేసి ఇచ్చేదట. అమ్మడం ఎప్పుడూ లేదట.

ఇంకేముంది, నేను దానికి 'వెన్నెల' అని పేరు పెట్టి, ఫోన్లో ఒక పేజీ తెరిచాను. వీడియోలో చేతులు వదినవి, గొంతు నాది. "కేవలం నెయ్యి, నీళ్లు, వంద కడుగులు, ఇంకేమీ లేదు" అని నేను చెబుతుంటే వదిన గాజులు చప్పుడు చేసేవి. చూసినవాళ్లంతా ఆ గాజులనే మెచ్చుకున్నారు. నేను మాత్రం నా గొంతు బాగుందనుకున్నాను. జనవరిలో పది డబ్బాలు పోయాయి, ఫిబ్రవరిలో ముప్పై. తీసుకున్నవాళ్లు నన్ను మేడం అనేవాళ్లు. వదినను ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు, ఎందుకంటే ఆవిడ ఒకతె ఉందని నేను ఎక్కడా చెప్పలేదు. దురుద్దేశంతో కాదు. తోచలేదు, అంతే. ఇప్పుడు ఆలోచిస్తే, దురుద్దేశం కన్నా తోచకపోవడమే ఎక్కువ సిగ్గుపడాల్సిన సంగతనిపిస్తుంది.

పని పెరిగాక అమ్మ మనసు కరిగి, పత్తి బస్తాలు వేసే పక్కగదిని ఖాళీ చేయించింది. వదిన ఆ గదికి తనే సున్నం వేసుకుంది. కిటికీకి తన పాత చీర కత్తిరించి తెర కట్టుకుంది. గుమ్మం దగ్గర చెంబుతో నీళ్లు పెట్టి, చేతులు కడుక్కోనివాళ్లెవరూ లోపలికి రాకూడదని నియమం పెట్టింది. మా ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుండాలో కూడా అమ్మను అడిగి పెట్టే మనిషి, ఆ గదిలో మాత్రం నియమాలు పెట్టింది. ఒకరోజు అమ్మ గుమ్మం బయట నిలబడి, తడి చేతులు చీర కుచ్చెళ్లకు తుడుచుకుంటూ "రావచ్చామ్మా?" అని అడగడం నేను చూశాను. వదిన తల ఎత్తకుండానే "రా అత్తా, ఆ చేతులు మాత్రం చీరకు తుడవమాకు" అంది. అన్న ఆ మాట విని, బయటికి కనపడకుండా మురిసిపోయాడు. ఆ ఇంట్లో వదినకు సొంతంగా దొరికిన మొదటి జాగా అది. నాకు ఆ సంగతి అప్పుడు తెలియదు. నేను లేబుళ్ల రంగు గురించి ఆలోచిస్తున్నాను.

అప్పుడు వేసవి వచ్చింది. పల్నాడు ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది. రెంటచింతల పేరు రేడియోలో వినపడితే చాలు, మిగతా రాష్ట్రమంతా తమ ఊరే నయమనుకుంటుంది. ఏప్రిల్ వచ్చిందంటే మా ఇళ్లలో నెయ్యిని ఎవరూ కాచి వడ్డించరు. గిన్నెలో అదే నూనెలా కదులుతూ ఉంటుంది, జూన్ దాకా పేరుకోదు. మా వాకిట్లో ఆడుకునే పిల్లకు కూడా తెలిసిన విషయం ఇది. వదినకూ తెలుసు గనక ముందే చెప్పింది. "ఎండాకాలం నెయ్యికి ఎముక కావాలి అమ్మాయ్" అని. ఎముకంటే తేనెమైనం. కొండల్లో తేనె తీసేవాళ్ల దగ్గర వాళ్లమ్మ కొని పంపిన మైనం ముద్ద ఒకటి రేకు డబ్బాలో ఉండేది. అందులోంచి ముక్కలు కోసి, నెయ్యిలో వేసి కరిగించి, చల్లార్చి, ఆపైన కడిగితే ఎండకు గట్టిగా నిలబడుతుంది. కరిగించే పని నాది, ఎందుకంటే థర్మామీటరు నాది. నరసరావుపేట నుంచి కొనుక్కొచ్చాను. దాన్ని నెయ్యిలో ముంచి, కళ్లు చిన్నవి చేసి చూసి, ఒక పుస్తకంలో అంకెలు రాసుకునేదాన్ని. ఆ అంకెలతో తర్వాత ఏం చేయాలో నాకూ తెలియదు.

మైనం వేస్తే ఒక చిక్కుంది. ఆ తెలుపు రాదు. లేత పసుపు, కాస్త గట్టి. మార్చిలో తీసుకున్న ఒకావిడ "కొవ్వొత్తి రాసుకున్నట్టుంది మేడం" అని పేజీలో రాసింది. ఆ ఒక్క మాట నా గుండెలో ముల్లులా గుచ్చుకుని ఉండగానే, నల్గొండ నుంచి ఒక పెళ్లికూతురు ఫోన్ చేసింది. తనను పెళ్లికూతుర్ని చేసే రోజు ముత్తయిదువులకు తాంబూలంతో పాటు ఇవ్వడానికి నలభై డబ్బాలు కావాలట. జనవరి వీడియోలో చూసిన తెలుపే కావాలట. "గదే తెలుపు అక్కా, వెన్నెల లెక్క ఉన్నది గదా, గదే" అంది. ముహూర్తం మే నెలలో. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "అదే తెలుపు" అని మాటిచ్చేశాను.

వదినతో ఈ మాట చెబితే ఒప్పుకోదని తెలుసు. అందుకని చెప్పలేదు. ఆవిడ మైనం నాలుగు ముక్కలు కోసి, అరచేతిలో బరువు చూసి, నా చేతికిచ్చింది. నేను వంటింట్లోకి పోయి, నెయ్యి పొయ్యి మీద పెట్టి, ఆ ముక్కల్ని తిరిగి డబ్బాలోనే పడేశాను. అంతకుముందే సైన్సు ప్రకారం పరీక్ష కూడా చేశాను. (మైనం లేని ముద్దను రెండు రోజులు ఫ్రిజ్‌లో పెట్టి చూశాను. కరగలేదు. ఇప్పుడు క్లాసులో ఏ పిల్లవాడైనా ప్రయోగం తప్పు చేస్తే నేను ఎందుకు పెద్దగా తిట్టనో, మా స్టాఫ్ రూములో ఎవరికీ తెలియదు.) వదిన ఆ నెయ్యిని నాలుగు విడతలుగా, మూడు రోజులు కడిగింది. మే నెల, కరెంటు ఉంటే ఉండేది, లేకపోతే లేదు. కుండలో నీళ్లు సరిపోక, బస్టాండు దగ్గర సోడా మామ కొట్టు నుంచి ఐసుగడ్డ తెప్పించి నీళ్లలో వేసుకుంది. రెండోరోజుకు భుజం పట్టేసింది. ఎడమచేత్తో రుద్దింది. ఒకసారి చెంబు ఆపి, ముద్దను రెండు వేళ్లతో నలిపి చూసి, "ఈసారి మెత్తగా ఉందేంది అమ్మాయ్?" అని అడిగింది. నేను తడుముకోకుండా "నీ చెయ్యి తిరిగింది వదినా" అన్నాను. ఆవిడ నా వంక చూసి, మళ్లీ చెంబు అందుకుంది. ఆ పొగడ్తకు ఆవిడ సంతోషపడిందనే నేను అనుకున్నాను.

డబ్బాలు నింపి, లేబుళ్లు అంటించి, అట్టపెట్టెలో సర్దడం నా వంతు. సాయంత్రం బస్సుకు వేయమని వదిన చెప్పింది. నేను సర్దుతున్నది వీడియో తీసుకుని, అది బాగా రాలేదని విప్పి మళ్లీ సర్ది, మరునాడు పొద్దున పదకొండింటికి ఆ పెట్టెతో బస్టాండుకు చేరాను. చలవ కోసం పెట్టెలో ఐసు పెట్టాలని సోడా మామ కొట్టు దగ్గర ఆగాను. సోడా మామ నాన్న వయసువాడు, తాతల నాటి నుంచి వాళ్లది ఐసు, సోడాల వ్యాపారమే. నన్ను చూసి "ఏమ్మా సైంటిస్టూ, మిట్టమధ్యాన్నం ఐసు ఏడికి తీస్కపోతున్నావ్?" అన్నాడు. సంగతి చెప్పాను. ఆయన గోనెపట్టా ఎత్తి, వరిఊకలో పూడ్చిపెట్టిన ఐసుగడ్డను చూపించాడు. "చూడు, పొద్దున దించింది, చుక్క కారలా. నీ డబ్బాల చుట్టూ రెండు బుట్టల ఊక పొయ్యి. ఐసు వద్దే వద్దు. సాయంత్రం బండికి వెయ్యి. ఈ బండికి మాత్రం వెయ్యమాకమ్మా, డిక్కీలో చెయ్యి పెడితే కాలుద్ది" అన్నాడు. పెళ్లివారింటికి ఊక పోసి పంపడమా అని నాకు తల కొట్టేసినట్టయింది. అది పాతకాలం పద్ధతి మామా అని చెప్పి, ఐసు ముక్కల్ని పాలపాకెట్ల కవర్లలో కట్టి, డబ్బాల మధ్య నేనే దోపాను. మామ ఐసు తూచి ఇచ్చి, గోనెపట్టా మళ్లీ కప్పేశాడు. బస్సు దాచేపల్లి మీదుగా కృష్ణ దాటి పోయింది. నేను ఇంటికి పోయి ఫ్యాను కింద పడుకుని, నల్గొండలో తెల్లటి డబ్బాలు చూసి అందరూ ఏమంటారో ఊహించుకున్నాను.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు, పెళ్లికూతురు ఫోన్లో చెప్పినదాన్ని బట్టి కూర్చుకున్నాను. ఐసు మిర్యాలగూడ చేరకముందే నీళ్లయి ఉంటుంది. ఆ నీళ్లకు లేబుళ్ల మీది సిరా కరిగి, 'వెన్నెల'లో చివరి అక్షరం కొట్టుకుపోయింది. నలభై డబ్బాల మీదా 'వెన్నె' మిగిలింది. లోపలి సరుకు సంగతి చెప్పాలా, వందసార్లు కడిగి తెల్లగా చేసిన ముద్ద, పల్నాడు ఎండకు పుట్టింటికి పోయినట్టు మళ్లీ నెయ్యయిపోయింది. పైన బంగారురంగు నెయ్యి, అడుగున కడిగిన నీళ్లు. పెళ్లివారి ఇంట్లో పనుల హడావుడిలో పెట్టెను ఎవరూ విప్పలేదు. మరునాడు మధ్యాహ్నం భోజనాల వేళ, పెళ్లికూతురి తాతగారు మూలన నూనె మరకల పెట్టె చూసి, ఒక డబ్బా తీసి, కళ్లజోడు సర్దుకుని చదివాడు. "ఆంధ్రోళ్లు వెన్న పంపిండ్రు. మంచోళ్లే గని తెలుగు రాదు, వెన్నె అని రాసిండ్రు" అన్నాడట. ఆపైన మూత తీసి, "ఎండకు కరిగింది పాపం" అని జాలిపడి, ముద్దపప్పులో ధారగా పోసుకున్నాడట.

మా ఇంట్లో అప్పుడే అన్నాలు తిని కూర్చున్నాం. అన్నకు ఆ వారం రాత్రి డ్యూటీ, ఇంట్లోనే ఉన్నాడు. ఫోన్ మోగితే మెప్పు వస్తోందనుకుని, అందరూ వినాలని స్పీకరు పెట్టాను. "అక్కా, డబ్బాల్ల అంత నెయ్యే ఉన్నది" అంది పిల్ల. "మా తాత పప్పుల ఏస్కొని తినేసిండు. నీళ్లు కలిపిండ్రని మిమ్ముల తిడుతుండు. ఇంకో డబ్బా తెరువుమంటుండు, తెరువాల్నా?" వదిన నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. పెళ్లయిన రెండేళ్లలో వదిన ఎవరి చేతిలోంచైనా ఏదైనా లాక్కోవడం అదే మొదటిసారి. "తినొద్దని చెప్పమ్మా, కడిగిన నెయ్యి కడుపులోకి పోగూడదు, మా అమ్మ విషమని చెప్పుద్ది" అంది. అటుపక్క ఫోన్ టక్కున కట్టయింది.

ఆ తర్వాత మూడు గంటలు మా ఇల్లు ఇల్లులా లేదు. నెయ్యి, నీళ్లు, ఇందులో విషమేముంటుందని నేను గట్టిగానే వాదించాను. రేకు పళ్లెంలోనో ఇత్తడిలోనో కాక రాగిలోనే ఎందుకు కడిగావని అమ్మ వదినను అడిగింది. ఎందుకు అడిగిందో అమ్మకే తెలియదు. వదిన అరగంటకోసారి నల్గొండకు ఫోన్ చేసింది. "తాత ఎట్టున్నాడమ్మా?" "పండుకున్నడు." "ఊపిరి తీస్తన్నాడా చూడమ్మా." "గురక పెడుతుండు, గీడిదాంక ఇనబడుతుంది." కాసేపటికి మళ్లీ ఫోన్. చివరికి సాయంత్రం ఐదింటికి తాతగారే ఫోన్ అందుకున్నాడు. "ఎవలమ్మా నువ్వు, గిన్నిసార్లు చేస్తున్నవ్? నా కడుపు మంచిగనే ఉన్నది. గని నెయ్యిల నీళ్లు కలుపుడు పాపం బిడ్డా, సచ్చినంక నీళ్లు దొరకయ్" అన్నాడు. వదిన ఏడుస్తూ, నవ్వుతూ, "ఇంకెప్పుడూ కలపను తాతా" అంది. అది విని అమ్మ కూడా నవ్వేసింది. ఇక్కడితో కథ ఆపేస్తే ఎంత బాగుండును. చాలామందికి నేను ఇక్కడితోనే ఆపి చెబుతాను. మా స్టాఫ్ రూములో అందరికీ ఈ కథ వచ్చు, ఇక్కడిదాకానే వచ్చు.

నవ్వులు సర్దుకున్నాక అన్న అడిగాడు. "అయినా ఎట్టా కరిగిందే? మైనం వేత్తారు గదా?" అడిగింది నన్ను. కోపంగా కూడా అడగలేదు, ఫ్యాక్టరీలో మిషను ఎందుకు ఆగిందో కనుక్కునే మనిషిలా అడిగాడు. తెల్లగా రావాలని నేనే వేయలేదని చెప్పడానికి అయిదారు మాటలు చాలు. ఆ అయిదారు మాటలూ నోటిదాకా వచ్చాయి. గుమ్మంలో నాన్న కూడా వచ్చి నిలబడ్డాడు. బీఈడీ అప్లికేషన్ ఆయన జేబులోనే ఉన్నట్టు అనిపించింది. "ఏమో, వదిన కోసిచ్చిన ముక్కలు చిన్నవేమో" అన్నాను. చూడండి, పూర్తిగా అబద్ధం కూడా ఆడలేదు, ఏమో అన్నాను, చిన్నవేమో అన్నాను. కెమిస్ట్రీ చదివినవాళ్లం కొలతల్లో సందేహం ఉంటే అలాగే చెబుతాం.

వదిన నా వంక చూసింది. ఒక్కసారే. తర్వాత అన్నవైపు తిరిగి, "తప్పయింది. కొలత పోయినట్టుంది" అంది. అన్నకు అప్పుడు కోపమొచ్చింది. రేపు వేడుక పెట్టుకుని ఆ పిల్ల ఏం ఇచ్చుకుంటుందని, ఆ పెద్దాయనకు ఏదైనా అయి ఉంటే స్టేషన్ల చుట్టూ ఎవరు తిరుగుతారని, చాతగాని పనులు నెత్తికెత్తుకోవడం ఎందుకని, అమ్మా నాన్నల ముందే వదినను నానా మాటలూ అన్నాడు. ఆవిడ రాగిపళ్లెం ఎత్తి పక్కన పెట్టింది. అమ్మ "ఇంక చాల్లేమ్మా, ఎండల్లో ఇయ్యన్నీ ఎందుకు" అంది. అమ్మ మెత్తగానే అంది, కానీ వారం తిరక్కుండా ఎండుమిరప బస్తాలు వచ్చి ఆ పక్కగదిలో కూర్చున్నాయి. గుమ్మం దగ్గరి చెంబు వంటింట్లోకి పోయింది. అన్న ఒకసారి, చలికాలం వచ్చాక మళ్లీ మొదలుపెట్టుకోమన్నాడు. వదిన "ఎందుకులే" అంది. నేను పేజీ మూసేసి బీఈడీలో చేరాను. మూసేముందు పెళ్లికూతురికి క్షమాపణ చెబుతూ పేజీలో పెద్ద ఉత్తరం మాత్రం రాశాను. చాలా బాగా వచ్చిందని స్నేహితురాళ్లు మెచ్చుకున్నారు.

ఇన్నేళ్లూ ఆ 'చిన్నవేమో' అన్న మాట నా దగ్గరే ఉంది. ప్రతి ఏడాదీ మొదటి సంవత్సరం పిల్లలకు ద్రవీభవన స్థానం పాఠం చెప్పేటప్పుడు ఎదురొచ్చి నిలబడుతుంది. చెబుదాం చెబుదాం అనుకుంటూనే, వదినకు పాప పుట్టింది, నాకు పేటలో ఉద్యోగం వచ్చింది, నాన్న ఆరోగ్యం ఒకసారి బాగోలేదు, ఎప్పటికప్పుడు చెప్పకపోవడానికి మంచి కారణమే దొరికింది. మొన్న వేసవిలో పాపకు కళ్లు చూపించడానికి వదిన నరసరావుపేట వచ్చి, రెండు రోజులు మా ఇంట్లో ఉంది. మధ్యాహ్నం పాప నిద్రపోయింది. ఇద్దరం కూలర్ ముందు కింద కూర్చుని గోరుచిక్కుడు కాయలకు పీచు తీస్తున్నాం. ఏ ఉపోద్ఘాతమూ లేకుండా చెప్పేశాను. "వదినా, ఆ నల్గొండ నెయ్యిలో నేను మైనం వెయ్యలేదు. నువ్విచ్చిన ముక్కలు మళ్లీ డబ్బాలో పడేశాను."

వదిన చేతిలో కాయ పీచు తీయడం ఆపలేదు. "తెలుసులే అమ్మాయ్" అంది.

ఎప్పుడు తెలుసని అడిగాను. "కడిగేటప్పుడే. మెత్తగా ఉందేందని నిన్నడిగాగా, ఆ పూటే డబ్బా తీసి చూశా. కోసిన నాలుగు ముక్కలూ పైనే ఉన్నయ్." (నేరం చేయడంలో కూడా నాది ఫస్ట్ క్లాసు కాదని అప్పుడు తేలింది.) మరి తెలిసి ఎందుకు పంపనిచ్చావని అడిగాను. ఆవిడ కాస్త ఆశ్చర్యంగా నా వంక చూసింది. "నువ్వు చదువుకున్నదానివి గదా. మైనం లేకుండా నిలబెట్టే ఇవరం ఏదో పుస్తకంలో చూసి ఉంటావులే అనుకున్నా. అడిగితే నీ మీద నమ్మకం లేదనుకుంటావని ఊరుకున్నా."

అన్న అన్ని మాటలంటుంటే అప్పుడైనా చెప్పి ఉండాల్సింది గదా వదినా అన్నాను. అడగాల్సింది నేను కాదని తెలిసే అడిగాను. వదిన పీచు తీసిన కాయలన్నీ గిన్నెలోకి దులిపింది. "అప్పుడు చెప్తే మీ అన్న నిన్ను తిట్టేవాడు, అంతేగా. నువ్వే చెప్తావని చూశా. ఆ నెలంతా చూశా అమ్మాయ్. నువ్వొచ్చి నా పక్కన కూర్చున్నప్పుడల్లా, ఇయ్యాళ చెప్తదిలే అనుకునేదాన్ని. తర్వాత పిల్ల కడుపున పడింది, చూట్టం మానేశా" అంది. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. మళ్లీ చేద్దామా వదినా, ఈసారి నీ పేరు పెట్టి చేద్దాం అన్నాను. "ఇప్పుడు నా భుజానికి వంద కడుగులు యాడయితయ్" అని, పాప కదిలిందేమోనని లేచి లోపలికి పోయింది.

ఆ నెల రోజులు నేనేం చేశానా అని అప్పటి నుంచీ గుర్తు చేసుకుంటున్నాను. ఆ నెలంతా నేను చాలా మంచిగా ఉన్నాను. ఎన్నడూ వంటింటి గడప తొక్కనిదాన్ని, రోజూ వదిన పక్కన పీట వేసుకుని కూరలు తరిగాను, బియ్యం ఏరాను, అడగకుండానే నీళ్లు తోడి ఇచ్చాను. అమ్మ కూడా "దీనికి ఇప్పటికి బుద్ధొచ్చింది" అని మెచ్చుకుంది. క్షమించమని నోటితో అడగక్కర్లేదని, బెండకాయలు సన్నగా తరిగిస్తే వదినకు అర్థమైపోతుందని, ఆ బీఎస్సీ చదివిన పిల్ల మనస్ఫూర్తిగా నమ్మింది. దాన్ని తలుచుకుంటే కోప్పడదామన్నా నాకు నవ్వే వస్తుంది, ఎంత శ్రద్ధగా తరిగిందని. పక్కనే కూర్చున్న వదినకు మాత్రం బెండకాయలతో పని లేదు. ఆవిడ ముప్పై రోజులూ ఒక్క మాట కోసం చూసింది.